మీగడ యంత్రం పిడి పట్టిన ఔలిక్కి

మా అక్క కూతురు ఔలిక్కి నానా కష్టాలూ పడి మొట్టమొదట సాధించింది నలభై ఒక్క సెకన్ల కదిలే బొమ్మ. నవ్వకండి. ఆ నలభై ఒక్క సెకన్ల కోసం ఆమె పదకొండు వారాలు కూర్చుంది. సెకనుకి పన్నెండు చొప్పున నాలుగు వందల తొంభై రెండు ఫొటోలు తీసింది. ఒక్కో ఫొటోకి ముందు గళ్ల కాగితం మీద నాలుగు రంగుల ఉన్నిపోగుల్ని ఒక్కో గడి ముందుకి జరపాలి. మధ్యలో తుమ్మితే పోగులన్నీ ఎగిరిపోయి మళ్లీ మొదటికొస్తుంది. తనే మూడుసార్లు తుమ్మింది. ఒకసారి పిల్లి వచ్చి కాగితం మధ్యలో పడుకుంది. అప్పుడు సామానంతా సౌనా, అంటే మా ఆవిరిస్నానాల గది, పక్కన బట్టలు మార్చుకునే గదిలోకి మార్చింది. కిటికీకి గోనెసంచి కట్టి, ఒక్క దీపం వెలుతుర్లో ఆ చలికాలమంతా అక్కడే పని చేసింది.

ఆమె మేనమామని నేను, పేరు తౌనో. ఆరో తరగతి దాకా కోర్పినియెమి బడిలోనే చదివాను, అంతకు మించిన చదువు నాకు లేదు. కానీ మా ఊరి సంగీత సంఘానికి ముప్ఫై ఒక్కేళ్లుగా నేనే అధ్యక్షుణ్ణి. ఏ వాద్యమూ వాయించడం రాదు గానీ కుర్చీలు వరస తప్పకుండా వేస్తాను, కాఫీ చల్లారనివ్వను. అందుకని ఆమె గురించి చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. కాదనేవాళ్లు నా ఎదురుగా వచ్చి చెప్పొచ్చు.

ఔలిక్కి చిన్నప్పటి ఘనతలు చెప్పకుండా ముందుకి పోలేను. ఏడేళ్లకే మా అమ్మ దగ్గర మీగడ తీసే యంత్రం తిప్పేది. ఆ యంత్రం పిడికి చిన్న గంట ఉంటుంది. నిమిషానికి అరవై చుట్లు పడేదాకా అది ఖంగు ఖంగుమంటూనే ఉంటుంది. వేగం సరిపోతే నోరు మూసుకుంటుంది. నేను తిప్పితే ఆ గంట చర్చి గంటలా మోగేది. ఈ పిల్ల పిడి పట్టుకుంటే నాలుగు చుట్లలో గంట ఊరుకునేది, బిందె ఖాళీ అయ్యేదాకా మళ్లీ కిక్కురుమనేది కాదు. పదకొండేళ్లకి మూడు ఊళ్ల బడుల మీద లెక్కల్లో మొదటిది. పంతొమ్మిదేళ్లకి జిల్లా సంతలో ఉన్ని చేతితొడుగుల అల్లికకి మొదటి బహుమతి. ఈనాటికి రెండు వందల పద్నాలుగు రకాల తొడుగుల నమూనాలు ఆమెకి కంఠతా వచ్చు, కాగితం అక్కర్లేదు. యాభై నాలుగేళ్లొచ్చినా పెళ్లి చేసుకోలేదు. చేసుకుంటావా అని ఎవరైనా అడిగితే, మా సవో ప్రాంతం వాళ్లందరిలాగే, "చేసుకోవచ్చు, చేసుకోకనూ పోవచ్చు" అంటుంది.

ఇన్ని ఘనతల మధ్య ఒక ముల్లు ఉంది. తొమ్మిదేళ్లప్పుడు బడిలో పాట పరీక్ష పెట్టారు. పిల్లలొక్కొక్కళ్లూ క్లాసు ముందు నిలబడి పాడాలి. ఔలిక్కి పాడింది. టీచరమ్మ హార్మోనియం మూసి, "నువ్వు వసంతోత్సవంలో పెదాలు కదుపు చాలు, గొంతు తియ్యకు" అంది. మార్కుల పుస్తకంలో పదికి ఐదు వేసింది, మా బడుల్లో నాలుగొస్తే తప్పినట్టే. లెక్కల్లో పది, పాటలో ఐదు. ఆ రోజు నుంచి మా పిల్ల ఎక్కడా నోరు తెరిచి పాడలేదు. కానీ సంగీతం దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు. మా ఊరి వాద్యకారులు నలుగురూ వాయిస్తుంటే ముప్ఫై ఏళ్లు మూల బల్ల మీద కూర్చుని, తొడుగులు అల్లుకుంటూ వింది. ఆ నలుగురి మధ్యలో ఒక కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఆమె మనసులో ఉందని నాకు తెలుసు. నోరు తెరిచి అనలేదంతే.

ఆ నలుగురెవరో చెబుతాను. మొదటి వయొలిన్ ఎన్సియో, నలభై ఆవుల పాడి అతనిది. రెండో వయొలిన్ హెల్వి, మందుల దుకాణం చూసుకుంటుంది. వయొలిన్‌కి అక్కలాంటి వయోలా రెయిమాది, ఊరందరి కరెంటు పనులూ అతనివే. కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో రౌనిది, బడి వంటశాలలో వండుతుంది. జూలైలో ఊరి చర్చిలో కచేరీ. దానికి మే నెల నుంచీ సాధన.

ఒక మే నెలలో వాళ్లు పాత వియన్నా పద్ధతి రచన ఒకటి ఎత్తుకున్నారు. ఒకళ్లు ఎత్తుకున్న పల్లవిని ఇంకొకళ్లు అందుకుంటారు, వాళ్ల వెనక మూడోవాళ్లు, ఆ వెనక నాలుగోవాళ్లు. వినేవాడికి నాలుగు గొర్రెలు ఒకే సందులో దూరినట్టుంటుంది. నాకైతే అలాగే ఉండేది. ఔలిక్కి మూల బల్ల మీద అల్లిక ఆపేసింది. అది నేను ఎన్నడూ చూడలేదు.

"ఎన్సియో," అంది, "ఇప్పుడు నువ్వు ఎడమ తొడుగు వాయించావు. రెయిమా కుడిది వాయించాడు."

"నేను కాగితం మీదున్నది వాయించాను," అన్నాడు ఎన్సియో. "తొడుగులు నాకెక్కడా కనబడలా."

"నీ పల్లవి మూడు మెట్లు ఎక్కి ఒకటి దిగింది. అతనిది మూడు దిగి ఒకటి ఎక్కింది. అద్దంలో పెట్టినట్టు. బొటనవేళ్లు రెండూ లోపలికి వచ్చాయి చూడు."

"నా బొటనవేలు కమాను మీదుందమ్మా, దాన్ని వదిలెయ్," అన్నాడు రెయిమా.

మర్నాడు ఆమె గళ్ల కాగితం మీద ఆ రచననంతా గీసుకొచ్చింది. ఎన్సియోకి ఎరుపు, హెల్వికి పసుపు, రెయిమాకి ఆకుపచ్చ, రౌనికి నీలం. ఎరుపు మెట్లెక్కిన చోట ఆకుపచ్చ మెట్లు దిగుతోంది. పసుపు అదే నడకని ఐదు గళ్లు పైనుంచి నడుస్తోంది. నీలం అదే నడకని ఒక్కో గడికి రెండేసి గళ్లు తీసుకుని, పెద్దమనిషిలా నిదానంగా నడుస్తోంది. నాలుగు గొర్రెలు కావవి, ఒకే గొర్రె! ఒకసారి తలకిందులుగా, ఒకసారి రెట్టింపు పొడవుతో. ఆరో తరగతి చదివిన నాకు ఆ కాగితం చూశాకే అర్థమైంది. చెవికి చిక్కుముడిగా ఉన్నది కంటికి లెక్క అయి కూర్చుంది.

"ఇది కదిలితే ఎలా ఉంటుందో చూడాలి మావయ్యా," అంది. అలా మొదలైంది.

నలభై ఒక్క సెకన్ల బొమ్మని నలుగురికీ మా ఇంట్లో కాఫీ దగ్గర చూపించింది. అయిపోయాక హెల్వి కప్పులు మళ్లీ నింపింది. రౌని యాలకుల రొట్టె ఇంకో ముక్క తీసుకుంది. చివరికి ఎన్సియో, "చెడ్డగా అయితే లేదు," అన్నాడు. పరాయి ఊరివాళ్లకి ఇది మెప్పులా వినబడకపోవచ్చు. మా ఊళ్లో ఆ మాట కోసం మనుషులు ముప్ఫై ఏళ్లు ఎదురుచూస్తారు. ఎన్సియో తన పెళ్లిలో పెళ్లికూతురి గురించి కూడా అంతకు మించి అనలేదు.

ఇక మిగతాది తియ్యడానికి రెండు చలికాలాలు పట్టింది. ఎంత పొడవు తియ్యాలో తెలియాలి కదా. ఆమె లెక్కల మనిషి. జూలై సాధనలో వరసగా ఆరు రోజులు గడియారం పట్టుకుని కూర్చుంది. రోజూ ఆరు నిమిషాల నలభై సెకన్లు, మహా అయితే ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ. నాలుగు వేల ఎనిమిది వందల ఫొటోలు కచ్చితంగా తీసింది. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

బొమ్మ పూర్తయిన ఏటి జూలై కచేరీలో చర్చి గోడ మీద పెద్ద తెల్లగుడ్డ కట్టాం. కట్టింది నేనే. మూడు ఊళ్ల జనం వచ్చారు. వాయిద్యం మొదలైంది, బొమ్మ మొదలైంది. మొదటి నిమిషం ఎర్రపోగు ఎన్సియోతో సమానంగా నడిచింది. రెండో నిమిషానికి ఎర్రపోగు కొంచెం ముందుంది. మూడో నిమిషానికి రౌని ఇంకా వాయించని సంగతిని నీలంపోగు వాయించేసి వెళ్లిపోయింది. ఔలిక్కి చర్చిలోనూ ఒక మూల బల్ల మీదే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆపడానికి ఏమీ లేదు, మీట నొక్కితే బొమ్మ తనంతట తను పోతుంది. చివరికి నాలుగు పోగులూ కలిసి చక్కగా ముడిపడి, గుడ్డ తెల్లబడి, 'సమాప్తం' అని అక్షరాలు వచ్చాయి. కింద నలుగురూ ఇంకా చెమటలు కక్కుతూ వాయిస్తూనే ఉన్నారు. బొమ్మ అయిపోయాక ఇంకో నిమిషం పన్నెండు సెకన్లు! వెనక వరసలో ఎవరో, "వాళ్లకెవరైనా చెప్పండి, అయిపోయిందని," అన్నారు. చర్చంతా నవ్వింది. నవ్వినవాళ్లది తప్పనను. నేనూ పెదవి కొరుక్కున్నాను.

ఔలిక్కి బొమ్మ ఉన్న డబ్బాని అటక మీద పెట్టింది. "పాటలో ఐదు వచ్చినదాన్ని, మావయ్యా. ఊరికే ఇవ్వలేదు ఆ ఐదు," అంది. మళ్లీ సాధనలకి రాలేదు. మూల బల్ల ఖాళీగా ఉంది. నేను ఆ బల్ల మీద కోట్లు పెట్టనివ్వలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ అంతుపట్టలేదు. గడియారం మంచిదే, లెక్క సరైనదే. సెప్టెంబరులో ఎన్సియో ఆమె ఇంటికి వచ్చాడు. నేను అప్పటికే అక్కడ కాఫీ తాగుతున్నాను. క్షమాపణ చెప్పడానికే వచ్చాడని మాకిద్దరికీ తెలుసు, అందుకే గంటసేపు గడ్డి గురించి మాట్లాడాడు. తర్వాత వానల గురించి. వచ్చేటప్పుడు బండిలో పాత మీగడ యంత్రం ఒకటి వేసుకొచ్చాడు, సంఘం సంతలో అమ్ముకోండని. ఇక లేవబోతూ అన్నాడు:

"చర్చిలో మేం నిదానంగానే వాయించాం గానీ... హాయిగా ఉండింది. దోమలు లేవు కదా."

ఔలిక్కి కప్పు కింద పెట్టింది. "ఏమన్నావ్?"

"పడవల కొట్టంలో దోమలు మెడ మీద కుట్టి చంపేస్తాయి. రెండు చేతుల్లోనూ వాద్యం. కొట్టుకోడానికి మూడో చెయ్యి లేదు. ఎంత తొందరగా అయిపోతే అంత తొందరగా..." అని ఆగాడు. అప్పటికి అతనికీ తట్టింది. "పైగా పక్కన సౌనా కాగి ఉంటుంది."

మా సాధనంతా చెరువొడ్డున ఎన్సియో పడవల కొట్టంలోనే. అయిపోగానే సౌనా, సౌనా అవగానే నీళ్లలో దూకడం, ఇది మా నాన్నల కాలం నుంచీ ఉన్న పద్ధతి. సౌనా కాగిందని కబురు వస్తే మా ఊళ్లో రాజుగారొచ్చినా ఆగరు. ఔలిక్కి ఆరు రోజులు గడియారం పట్టి కొలిచింది సంగీతాన్ని కాదు, దోమల్ని!

"నాకు దోమలెందుకు తెలీలేదు?" అంది.

"నువ్వు అల్లిక తొడుగులు మోచేతుల దాకా వేసుకుని కూర్చుంటావు. తలకి రుమాలు. నిన్నేం కుడతాయి, ఉన్నినా?" అన్నాను నేను.

ముందు ఎన్సియో నవ్వాడు. తర్వాత ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది. నవ్వుతూనే లేచి బయటికెళ్లి, చెయ్యి ఊరుకోక, బండిలో ఉన్న యంత్రం పిడి పట్టుకుని తిప్పింది. గంట ఖంగుమంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు. గంట ఊరుకుంది. ఆమె తిప్పుతూనే ఉంది. నవ్వు ఆగింది, మొహంలో ఇంకేదో వచ్చింది.

"ఎన్సియో, దీన్ని సంతకి పంపను. రెయిమాని రేపు రమ్మను."

రెయిమాకి మూడు వారాలు పట్టింది. యంత్రంలోంచి పిడినీ దాని పళ్లచక్రాన్నీ తీసి, ఒక పీటకి బిగించి, తీగ ఒకటి కంప్యూటరుకి కలిపాడు. ఒక చుట్టు తిప్పితే బొమ్మ ఒక ఆవర్తం నడుస్తుంది. ఆపితే ఆగుతుంది. మీట నొక్కి కూర్చోవడం పోయింది, ఇక చేత్తో నడపడమే. గంట తీసెయ్యనా అని రెయిమా అడిగితే, "దాని నాలిక మాత్రం తియ్యి, గంట ఉండనియ్," అంది.

ఇంతటితో కథ సుఖాంతం అనుకున్నారేమో. అక్టోబరులో మొదటి సాధన. చలికి పడవల కొట్టం మూసేస్తారు కాబట్టి మా ఇంట్లోనే. పది ఆవర్తాలు కాకుండానే ఎన్సియో కమాను దించాడు.

"ఔలిక్కీ, నువ్వు మమ్మల్ని పాలనుకుంటున్నావా? మీగడ తీస్తున్నావు!"

నిజమే. ఆమె చెయ్యి ఎంత నిలకడంటే గడియారం సిగ్గుపడాలి. ఒక్కలా తిరిగే ఆ చేతితోనే ఏడేళ్ల వయసు నుంచి పేరు తెచ్చుకుంది. కానీ ఆ నలుగురూ గడియారం కాదు. హెల్వి ఒకచోట ఊపిరి తీసుకుంటుంది, ఎన్సియో ఒక మలుపులో కొంచెం ఆగి చూస్తాడు, రౌని బరువైన స్వరాన్ని దించడానికి క్షణం తీసుకుంటుంది. పిడి మాత్రం ఎవరి కోసమూ ఆగట్లేదు.

"మధ్యలో ఆపకూడదని అమ్మమ్మ చెప్పింది. ఆపితే మీగడ పాలల్లో కలిసిపోతుందని," అంది ఔలిక్కి.

"ఇక్కడ ఆపాలమ్మా. ఆపినప్పుడే మీగడ," అంది రౌని.

నేర్చుకుంది. ఎలా నేర్చుకుందంటే, తెర వైపు చూడ్డం మానేసింది. హెల్వి ఎడమ భుజం చూసింది. రౌని మోచెయ్యి చూసింది. ఎన్సియో ముక్కు, అవును, స్వరం ఎత్తబోయే ముందు అతను ముక్కుతో ఊపిరి పీలుస్తాడు, నలభై ఏళ్లుగా మిగతా ముగ్గురూ ఆ ముక్కుని చూసే వాయిస్తున్నారు. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు వాళ్లు! ఆమెకి మాత్రం ఆ రోజు చెప్పారు. ఆ చలికాలం వారానికి రెండు సాధనలు, ఒక్కటీ మానలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు రెయిమా తప్పు వాయించి ఒక ఆవర్తం దాటేశాడు. మిగతా ముగ్గురూ సర్దుకున్నారు, ఔలిక్కి పిడి కూడా వాళ్లతోపాటే ఒక చుట్టు గబుక్కున దూకింది. వాయిద్యం ఆగలేదు. అయ్యాక ఎన్సియో తన పక్కన ఉన్న ఖాళీ కుర్చీని కాలితో కొంచెం దగ్గరికి లాగాడు. తర్వాతి సాధన నుంచి పీట ఆ కుర్చీ ముందే.

జూలై వచ్చింది. చర్చి నిండింది. కిందటేడు నవ్వినవాళ్లు ఈసారి ముందు వరసల్లో కూర్చున్నారు, మళ్లీ నవ్వొచ్చని. అర్ధచంద్రాకారంలో కుర్చీలు నేనే వేశాను. ఐదు.

ఎన్సియో ముక్కుతో ఊపిరి పీల్చాడు. ఎర్రపోగు కదిలింది. ఇక చెప్పను, చూడాలి. వయొలిన్ ఎక్కితే ఎరుపు ఎక్కుతుంది, వయోలా దిగితే ఆకుపచ్చ దిగుతుంది, రెండూ ఎదురెదురుగా వచ్చి తొడుగుల జతలా బొటనవేళ్లు కలుపుతాయి. మూడో వరసలో తొంభై ఒక్కేళ్ల సిల్వి అవ్వ చెవిటిది కాబట్టి తను గట్టిగా అంటున్నానని తెలియక, "అవి నా పెళ్లినాటి తొడుగులు! నీలంది చూడండే, అదే ఎర్రది, పెద్దయిందంతే!" అంది. చర్చంతా విన్నది. ఎవరూ నవ్వలేదు, అందరూ నీలం వైపు చూశారు. పదేళ్లుగా ఏ కచేరీలోనూ ఒక్క స్వరమూ వినలేని అవ్వ, ఆ రచన కట్టడమేమిటో మా అందరికీ విప్పి చెప్పేసింది.

చివరికి ముందు ఒకచోట నలుగురూ ఒక్కసారి ఆగుతారు. సాధనలో ఎన్సియో అక్కడ రెండు లెక్కపెట్టేంతసేపు ఆపేవాడు. ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో, ఆపి, అలాగే ఉండిపోయాడు. కమాను గాల్లో. నాలుగు పోగులు తెర మీద గాల్లో. నేను ఔలిక్కి చెయ్యి చూశాను. పిడి పైకొచ్చి, తలెత్తున, కదలకుండా నిలబడి ఉంది. ఐదు, ఆరు, ఏడు... ముక్కు. పిడి, కమానులు, పోగులు, అన్నీ ఒక్కసారే దిగాయి.

సమాప్తం అన్న అక్షరాలూ చివరి స్వరమూ కలిసి వచ్చాయి.

జనం లేచారు. నలుగురూ లేచి వంగారు. ఔలిక్కి కూర్చునే ఉంది, పిడి మీద చెయ్యి తియ్యకుండా. ఎన్సియో వంగినవాడు వంగినట్టే పక్కకి తిరిగి, "లేవవేం? అందరూ లేస్తేనే కదా వంగడం," అన్నాడు. ఆమె లేచింది. ఐదుగురూ వంగారు. మందుల దుకాణం హెల్వి ఏడ్చింది, మా ఊళ్లో అది ఎన్నడూ జరగలేదు. నేను ఏడవలేదు, కుర్చీలు తియ్యాలి కదా.

బయట కాఫీ దగ్గర ఎన్సియో ఆమెతో, "చెడ్డగా అయితే లేదు," అన్నాడు.

"పదికి ఎంతేస్తావ్?" అంది ఔలిక్కి.

"తొమ్మిది వేయొచ్చు, వేయకనూ పోవచ్చు."

ఇప్పుడు మా సంఘం కరపత్రంలో 'కోర్పినియెమి వాద్యబృందం' కింద ఐదు పేర్లు అచ్చవుతాయి. ఐదో పేరుకి ఎదురుగా ఏ వాద్యం అని రాయాలో తెలియక నేను రెండు రోజులు ఆలోచించి 'పిడి' అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆమె ఈమధ్య మూడో బొమ్మ తీస్తోంది. అందులో పల్లవి వెనకనుంచి ముందుకి నడుస్తుంది, తొడుగు వేళ్ల కొసల నుంచి మణికట్టుకి అల్లినట్టు. రెండో బొమ్మ చూసిన డెన్మార్క్ వాళ్లెవరో ఒక ద్వీపంలో జరిగే పండక్కి పిలిచారు. పిలుపులో 'మీ ఐదుగురూ' అని ఉంది. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది, కావాలంటే చూపిస్తాను.

కిందటి సోమవారం ఐదుగురూ వెళ్లారు. మీగడ యంత్రం పిడి ఔలిక్కి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది, సామాన్లలో వెయ్యనివ్వలేదు. ఎన్సియో ఆవుల్ని కొడుకు చూస్తున్నాడు. పిల్లిని నేను చూస్తున్నాను. పడవల కొట్టానికి రెయిమా వెళ్లే ముందు దోమతెర బిగించి వెళ్లాడు, ఇక ముందు సాధన దోమల లెక్కలో జరగకూడదని. సౌనాకి కట్టెలు కొట్టి పెట్టాను. ఐదుగురికి సరిపడా.

వాళ్లు తిరిగి వచ్చేది ఆగస్టు పద్దెనిమిది, ఆదివారం, సాయంత్రం నాలుగింటి బస్సుకి.